గంటలోపు కొలిచిన వెండి

మదనపల్లె,
12 ఆగస్టు 1978

చిరంజీవి రాజగోపాల్‌కు,

నీ ఉత్తరం కాలేజీ అడ్రసుకు వచ్చింది. కవరు మీద 'శ్రీమతి రమణమ్మ గారు, డిమాన్‌స్ట్రేటర్, ఫిజిక్సు' అని అంత పెద్ద అక్షరాలతో రాశావు గదా, మా ఆఫీసులో ప్రతివాళ్ళూ అటూ ఇటూ తిప్పి చూశాకే నా చేతికి వచ్చింది. పుంగనూరులో మా వసారాలో బోర్లా పడుకుని నా దగ్గర ఆల్జీబ్రా నేర్చుకున్నవాడివి, కుప్పం కాలేజీలో లెక్చరర్‌వయ్యావు. ఇప్పుడు పిహెచ్.డి.కి పేరు రాయించుకున్నావు. నాకు చేయాలని ఉండీ చేయలేకపోయిన చదువు అది. నా సొంత తమ్ముడే చదువుతున్నంత సంతోషంగా ఉంది.

నువ్వు అడిగిన పలకలు నేను చేసిపెట్టగలను. మీ కాలేజీలో లేని వ్యాక్యూమ్ కోటింగ్ యూనిట్ మా దగ్గర ఉంది. పెద్ద గాజు జాడీ బోర్లించినట్టుండే బెల్‌జారు, దాని కింద రెండు పంపులు. జాడీలో గాలంతా లాగేసి, లోపల చిన్న లోహపు తొట్టిలో వెండి తీగ ముక్కను కాలిస్తే, వెండి ఆవిరై పైనున్న గాజు పలక మీద పొరగా పడుతుంది. కొన్నేళ్ళుగా దాన్ని పిల్లలకు దూరం నుంచి చూపించడమే తప్ప వాడింది లేదు. మా అటెండరు మునెప్ప, నేను కలిసి నాలుగు రోజులు పంపులు విప్పి తుడిచాం.

నువ్వు చెప్పినట్టే పలకను ఏటవాలుగా నిలబెట్టి, చాలా కొంచెం వెండి, వంద ఆంగ్‌స్ట్రామ్‌ల మందం మాత్రం, పట్టించాను. తలవెంట్రుకను ఏడువేల పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొరంత. అద్దంలా మెరుస్తుందనుకున్నాను. మెరవలేదు. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ఊదారంగులో ఉంది. పోలరాయిడ్ ముక్క అడ్డం పెట్టి తిప్పితే ఒకవైపు పసుపు, మరోవైపు నీలం!

ఇంటికి తెచ్చి మా ఆయనకు చూపించాను. చెంగయ్యగారి సంగతి నీకు తెలుసు గదా, మార్కెట్ యార్డులో టమాటాల రంగు తప్ప మరో రంగు పట్టించుకోని మనిషి. కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసి, "వెండి తెల్లగా గదా ఉంటాది, ఇదేందిమ్మే వంకాయ రంగులో ఉండాది? కంసాలోడు నిన్ను మోసం చేసినాడేమో సూడు" అన్నారు.

రెండు పలకలు దూదిలో చుట్టి కొయ్యపెట్టెలో పెట్టి కుప్పం బస్సులో పంపుతున్నాను. అందగానే రాయి.

ఆశీస్సులతో,
రమణమ్మ

———

కుప్పం,
30 ఆగస్టు 1978

అక్కకు నమస్కారాలు.

పెట్టె చెక్కుచెదరకుండా అందింది. ఆ రాత్రంతా పలకను దీపం ముందు తిప్పుతూనే ఉన్నాను.

చెంగయ్య బావకు ఇలా చెప్పు. కంసాలి మోసం చేయలేదు. అంత కొంచెం వెండి పడినప్పుడు అది పొరగా పరుచుకోదు. వాన మొదలైనప్పుడు బండ మీద చినుకులు కలవకుండా విడివిడిగా ఉంటాయే, అట్లా చిన్నచిన్న గింజలుగా నిలబడిపోతుంది. ఆ గింజలు కొన్ని రంగులను మింగేసి కొన్నింటిని వదిలిపెడతాయి. పలక ఏటవాలుగా ఉంటే ముందు గింజ వెనకదానికి నీడవుతుంది, గింజలన్నీ ఒక దిక్కుకే సాగుతాయి. పోలరాయిడ్ ఒక దిక్కు వెలుగునే వదులుతుంది, అందుకే దాన్ని తిప్పితే రెండు రంగులు. పలక ఎంత వాలితే ఈ రెండు రంగుల మధ్య దూరం ఎంత పెరుగుతుందో గ్రాఫు గీయగలిగితే అదే నా థీసిస్.

కొలిచే యంత్రం మాత్రం యూనివర్సిటీలోనే ఉంది. బయటివాళ్ళకు రెండు మూడు నెలలకోసారి వంతు ఇస్తారు. నువ్వు పంపే పలకలు ఇక్కడ దాచిపెట్టి, వంతు రాగానే రైల్లో తీసుకుపోయి అక్కడ కొలుస్తాను. ముప్పై డిగ్రీల నుంచి ఎనభై దాకా, ఐదేసి డిగ్రీలకు ఒకటి కావాలి. నీకు శ్రమ.

పేపరు వేస్తే మన ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఇది మాట.

నీ తమ్ముడు,
రాజగోపాల్

———

మదనపల్లె,
18 ఫిబ్రవరి 1979

చిరంజీవి రాజగోపాల్‌కు,

ఈ ఉత్తరం నిదానంగా చదువు.

నీకు పంపే ప్రతి పలకకూ జోడీగా ఇంకొకటి చేసి ఇక్కడ ఉంచుకుంటున్నాను, పగిలితే పనికొస్తుందని. పద్నాలుగో నంబరు పలక సెప్టెంబరులో చేసింది, డెబ్బై డిగ్రీల వాలు. మొన్న బీరువాలోంచి తీస్తే దాని రంగు మారిపోయి ఉంది. నా కళ్ళే మోసపోయాయేమోనని అదే వాలులో, అంతే వెండితో కొత్తది చేశాను. రెండూ పక్కపక్కన పెట్టాను. ఒకే తల్లి పిల్లలని ఎవరూ అనరు. కొత్తదానిలో పసుపుకూ నీలానికీ మధ్య తేడా కొంచెమే. పాతదానిలో చాలా ఎక్కువ.

మునెప్ప నా వెనక నిలబడి, "అమ్మా, ఇది బెల్లం మాదిరి ఉండాది. గాలి తగిలితే ఊరుకోదు" అన్నాడు. వాడి మాట నిజమనిపిస్తోంది. గింజలు కుదురుగా ఉండటం లేదు. గాలికో, తేమకో కదిలి ఒకదాన్నొకటి అంటుకుంటున్నాయి.

నువ్వు కొలిచినవాటిలో కొన్ని వారం నాటివి, కొన్ని ఐదు నెలల నాటివి. వాలు వల్ల వచ్చిన తేడా ఎంత, వయసు వల్ల వచ్చిన తేడా ఎంత అన్నది తేలకుండా అవన్నీ ఒకే గ్రాఫులో పెడితే తప్పవుతుంది. ప్రతి పలకా ఏ రోజు, ఏ గంటకు చేసిందీ నా నోటుపుస్తకంలో ఉంది. కావాలంటే అన్నీ మళ్ళీ చేస్తాను. సంవత్సరం పట్టినా పరవాలేదు.

ఆశీస్సులతో,
రమణమ్మ

———

కుప్పం,
9 మార్చి 1979

అక్కకు,

నీ ఉత్తరం చదివాను. నువ్వు చెప్పిన విషయం ముఖ్యమైనదే. గైడుగారితో మాట్లాడతాను.

ఇప్పటికే నా రిజిస్ట్రేషన్ గడువు కరిగిపోతోంది. ఇక్కడ క్లాసులు, పరీక్ష పేపర్లు, పైగా ఇంట్లో పసిబిడ్డ. అన్నీ మొదటికి రావడమంటే భయంగా ఉంది. అయినా తేదీలు చూసుకుని, పాత పలకలను పక్కనపెట్టి గీస్తాను. నువ్వు దిగులుపడకు.

ఆ నోటుపుస్తకం పంపించు. థీసిస్ రాసేటప్పుడు పక్కనే ఉండాలి. జాగ్రత్తగా చూసుకుంటాను.

రాజగోపాల్

———

కుప్పం,
4 నవంబరు 1980

ప్రియమైన అక్కకు,

పేపరు అచ్చయింది! రాజగోపాల్, రమణమ్మ. రెండు పేర్లూ పక్కపక్కనే. నా మాట నిలబెట్టుకున్నాను. గైడుగారు తన పేరు వద్దని, "మీ ఇద్దరి కష్టం" అన్నారు. విదేశాల నుంచి కాపీ కావాలని అప్పుడే రెండు కార్డులు వచ్చాయి. నాకు వచ్చిన కాపీలు కొన్నే, అవి పరీక్షకులకు పంపాల్సి వచ్చింది. నీకు త్వరలో పంపుతాను.

నీ తమ్ముడు,
రాజగోపాల్

———

మదనపల్లె,
15 నవంబరు 1980

చిరంజీవి రాజగోపాల్‌కు,

నీ ఉత్తరం ప్రిన్సిపాల్‌గారికి చూపించాను. సోమవారం ప్రార్థన అయ్యాక ఆయన పిల్లలందరి ముందు నా పేరు చదివారు. ఇరవై ఏళ్ళుగా లెన్సులు లెక్కపెట్టే రమణమ్మను అందరూ తలతిప్పి చూశారు. చెంగయ్యగారు యార్డులో అందరికీ మైసూర్‌పాకు పంచారట. పంచుతూ, "మా ఇంటామె వెండి మీద రాసింది, సీమ దేశంలో చదువుతాండారంట" అని చెప్పారట. ఏం రాసిందని అడిగితే మాత్రం ఇంకో ముక్క చేతిలో పెట్టారట.

కాపీ కోసం ఎదురుచూస్తుంటాను. మా లైబ్రరీకి ఆ పత్రిక రాదు. నా పేరు అచ్చులో ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఉంది. నవ్వకు.

ఆశీస్సులతో,
రమణమ్మ

———

పుంగనూరు,
20 మే 1984

చిరంజీవి రాజగోపాల్‌కు,

వేసవి సెలవులకు పుట్టింటికి వచ్చాను. నీకు డాక్టరేటు వచ్చినప్పుడు రాసిన ఉత్తరం తర్వాత మన మధ్య రాకపోకలు తగ్గాయి. డిపార్టుమెంటుకు హెడ్‌వయ్యావు, పనులుంటాయనుకున్నాను. కాపీ సంగతి మళ్ళీ మళ్ళీ అడగడానికి మొహమాటపడి ఊరుకున్నాను.

నిన్న సాయంత్రం ఆ కాపీ నా చేతికి వచ్చింది. నీ నుంచి కాదు.

ఇక్కడి హైస్కూల్లో సైన్సు టీచరు కృష్ణమ్మ అని ఒకామె ఉంది. ముప్పై రెండు ముప్పై మూడేళ్ళుంటాయి. స్కూలుకు సెలవు పెట్టి మీ గైడుగారి దగ్గరే పరిశోధనకు చేరిందట. నీ గ్రాఫును ముందు తనూ గీసి చూపించి, తర్వాత రాగితో, బంగారంతో అదే చేయాలట. ఏడాదిన్నరగా వెండి దగ్గరే ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా నీ అంకెల్లో మూడో వంతుకు మించి రావడం లేదట. గైడుగారు, "నీ చేతిలో శుభ్రత లేదు" అన్నారట. సెలవు అయిపోవస్తోంది. పేపర్లో రెండో పేరు పుంగనూరు ఆడబిడ్డదేనని ఎవరో చెబితే, వెతుక్కుంటూ వచ్చింది.

వసారాలో కూర్చుని అడిగింది: "అమ్మా, మీరు అంత బిరీన యాడ కొలిచినారు? మా కాడ యంత్రం పక్క గదిలోనే ఉండాది. అయినా నాకు గంట సాలదు."

"ఏం గంట?" అన్నాను.

జిరాక్సు కాగితం తీసి, రెండో పేజీలో ఒక వాక్యం కింద వేలు పెట్టింది. 'పలకలన్నింటినీ తయారైన గంటలోపే కొలిచాము.'

రాజగోపాల్, మదనపల్లె నుంచి కుప్పానికి బస్సే నాలుగు గంటలు పడుతుంది.

ఆ పిల్ల నా మొహం చూసి భయపడింది. "నేనేమన్నా తప్పు మాట్లాడితినా అమ్మా?" అంది. లేదన్నాను. కాఫీ ఇచ్చి పంపాను. గ్రాఫు చూశాను. డెబ్బై డిగ్రీల దగ్గర పద్నాలుగో పలక చుక్క అన్నిటికంటే ఎత్తున, గీతను పట్టుకుని పైకి లాగుతూ ఉంది. ఐదు నెలల పలక.

ఆ వాక్యం నీది కాదని, గైడుగారో అచ్చువేసేవాళ్ళో చేర్చారని రాయి. నమ్ముతాను.

రమణమ్మ

———

కుప్పం,
11 జూన్ 1984

అక్కకు నమస్కారాలు.

ఆలస్యానికి క్షమించు. కాలేజీ అడ్మిషన్ల హడావుడి.

ఆ వాక్యం గురించి నువ్వు అంతగా బాధపడాల్సింది లేదు. అలాంటి పేపర్లన్నింటిలోనూ అది ఉంటుంది, పెళ్ళి శుభలేఖలో 'బంధుమిత్ర సపరివారంగా' అన్నట్టు. దాన్ని ఎవరూ అక్షరాలా తీసుకోరు. ఇక కృష్ణమ్మ సంగతి. ఆమె పని నాణ్యత గురించి గైడుగారికే మంచి అభిప్రాయం లేదు. తన పని కుదరక మనల్ని లాగుతోంది. ఆమెతో ఎక్కువ మాట్లాడకపోవడం మంచిది.

ఒక మంచి మాట. మీ కాలేజీలో లెక్చరర్ పోస్టు వేస్తున్నారని తెలిసింది. డిమాన్‌స్ట్రేటర్లకూ అవకాశం ఉందట, కాని అచ్చయిన పరిశోధన ఒక్కటైనా ఉండాలి. నీకు ఉంది. ఇన్నేళ్ళ తర్వాత నీకు రావలసింది వస్తోంది. ఇలాంటప్పుడు ఆ పేపర్ను మనమే కెలుక్కోవడం ఎందుకు?

నీ తమ్ముడు,
రాజగోపాల్

———

మదనపల్లె,
26 ఆగస్టు 1984

డాక్టర్ రాజగోపాల్ గారికి,

మీ గైడుగారికి నేను ఉత్తరం రాశాను. పలకలు గంటలోపు కొలిచినవి కావని, తేదీలన్నీ మీ దగ్గరున్న నా నోటుపుస్తకంలో ఉన్నాయని రాశాను. ఆయన పెద్దమనిషి, జవాబు ఇచ్చారు. అందులో నుంచి ఎత్తి రాస్తున్నాను:

'ఈ అనుమానం నాకూ వచ్చి రాజగోపాల్‌ను జూలైలో పిలిచి అడిగాను. పలకలను మదనపల్లెలోనే మీరు ఒకసారి కొలిచి పంపారని, సమయాలు మీరు రాసి ఇచ్చినవేనని, వాటినే తాను నమ్మానని చెప్పాడు. డిమాన్‌స్ట్రేటరు స్థాయిలో తేదీలు సరిగా రాసే అలవాటు ఉండదని, ఆమె పెద్దావిడ గనుక ఈ విషయం బయటపెట్టి బాధపెట్టవద్దని నన్ను కోరాడు. నాకూ సబబే అనిపించింది.'

ఈ ముక్క ప్రయోగశాలలో నిలబడి చదివాను. పక్కన పిల్లలు లోలకం ఊపి లెక్కపెడుతున్నారు. నేనూ వాళ్ళతోపాటు యాభై దాకా లెక్కపెట్టాను. వేరే ఏం చేయాలో తోచలేదు.

నా నోటుపుస్తకం తిరుగు టపాలో పంపండి.

రమణమ్మ

———

కుప్పం,
14 సెప్టెంబరు 1984

అక్కా,

నన్ను గారు అని రాయకు. తిట్టు, భరిస్తాను.

అవును, ఆ వాక్యం నేనే రాశాను. పాత పలకలు తీసేస్తే గ్రాఫులో నాలుగు చుక్కలే మిగిలాయి. నాలుగు చుక్కలతో థీసిస్ ఎవరు తీసుకుంటారు? గడువు ఇంకా ఆరు నెలలే ఉంది. అవి ఉంచితే గీత ఎంత అందంగా వచ్చిందో! ఈ ఒక్కసారికి, తర్వాత నిదానంగా సరిచేద్దామనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

గైడుగారి ముందు ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆయన ఎదురుగా కూర్చోబెట్టి సూటిగా అడిగారు. నా ఉద్యోగం, ఇల్లు, పిల్లలు కళ్ళముందు కనబడ్డారు. నువ్వు ఎలాగూ డిమాన్‌స్ట్రేటర్‌వే గదా, ఈ మాట వల్ల నీకు పోయేదేమీ లేదనుకున్నాను. నిజం చెబుతున్నాను కాబట్టి ఇదీ చెబుతున్నాను.

నోటుపుస్తకం ఇల్లు మారినప్పుడు పోయింది. వెతికాను, దొరకలేదు.

ఇంతటితో ఊరుకో అక్కా. నీ ఇంటర్వ్యూకూ అదే మంచిది.

రాజగోపాల్

———

మదనపల్లె,
8 డిసెంబరు 1985

రాజగోపాల్‌కు,

పోయినసారి మీరు అని రాశాను. నీకు ఓనమాలు దిద్దించిన చేయి అది, మళ్ళీ మీరు అని రాయమంటే రాయడం లేదు. నువ్వు అనే రాస్తాను.

పదిహేను నెలలు నీకు జవాబు రాయలేదు. ఆ రోజులన్నీ ఏం చేశానో చెబుతాను.

'నీకు పోయేదేమీ లేదు' అన్న మాట మొదటి నెలంతా నాతో ఇంటికీ కాలేజీకీ నడిచింది. చెంగయ్యగారు ఒకరోజు అన్నం ముందు, "ఆ పిల్లోడు ఏమన్నా రాసినాడా? యాల అట్లుండావు?" అని అడిగారు. చెప్పాను. ఆయన నా కంచంలో మజ్జిగ పోశారు. తర్వాత, "పుస్తకం పోతే పోనీలేమ్మే. పలకలు చేసిన చెయ్యి పోలేదు గదా" అన్నారు.

మర్నాడే కృష్ణమ్మకు కార్డు రాశాను.

ఆమె జీతం లేని సెలవు పెట్టి మా ఇంట్లోనే ఉంది. కోటింగ్ యూనిట్ ఉన్న గది కిటికీలకు నల్లగుడ్డ కట్టాం. కొలిచే యంత్రం మాకెవరిస్తారు? పాత స్పెక్ట్రోమీటరు, మోటారు బండి బల్బు, ఒక ఫోటోసెల్, గాల్వనామీటరు కలిపి ఆమే ఒకటి తయారు చేసింది. బెల్‌జారు తీసిన పది నిమిషాల్లో మొదటి అంకె రాసుకునేవాళ్ళం. కరెంటు పోతే పంపులోని నూనె ఆవిరి జాడీలోకి ఎగదన్ని ఆ పూట పని మొత్తం పాడయ్యేది. మొత్తం తొంభై ఆరు పలకలు చేశాం. అందులో ముప్పై ఒకటి కరెంటుకు బలయ్యాయి.

చేతిలో శుభ్రత లేదన్నారే ఆ పిల్లను, నేను చూసినవాళ్ళలో అంత శుభ్రమైన చేయి ఇంకొకటి లేదు.

తేలింది ఇది. కొత్త పలకలో వాలు వల్ల వచ్చే తేడా ఉంది, నిజమే, కాని నువ్వు అచ్చువేసిన దానిలో మూడో వంతు. పలకను తేమ తగలని పెట్టెలో ఉంచితే నెలల తరబడి అట్లాగే ఉంటుంది. బయట పెడితే మూడు వారాల్లో గింజలు కదిలి రంగు జరుగుతుంది. ఎంత వాలితే అంత త్వరగా జరుగుతుంది. నువ్వు దాచిన విషయమే అసలు విషయం. 1979లో నా మాట విని ఉంటే ఆ సంగతి మొదట చెప్పినవాడివి నువ్వే అయ్యేవాడివి.

ఇదంతా ఆరు పేజీలు రాశాం. చివర, 1980 నాటి పేపర్లో పలకలు గంటలోపు కొలిచినవి కావని, ఆ గ్రాఫు చెల్లదని ఒక పేరా ఉంది. దాని కింద నేను సంతకం చేశాను. పక్కన నీ సంతకానికి చోటు వదిలాను. నెలాఖరులోగా సంతకం పెట్టి పంపితే, తప్పు ఇద్దరం కలిసి దిద్దుకున్నట్టు ఉంటుంది. లేకపోతే నా ఒక్కదాని పేరుతోనే పోతుంది.

రమణమ్మ

———

కుప్పం,
2 జనవరి 1986

అక్కా,

కాగితం నాలుగుసార్లు బల్ల మీద పెట్టాను. పెన్ను కదలలేదు.

ఈ ఏడాది ప్రిన్సిపాల్ పదవికి నా పేరు పరిశీలనలో ఉంది. నాకు కావలసింది ఒక్క సంవత్సరం. ఆ తర్వాత నువ్వు ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను. నీ ఇంటర్వ్యూ కూడా వచ్చే నెలేనట. ఆ పేపరు లేకపోతే నిన్ను లోపలికి కూడా పిలవరు. నా కోసం కాకపోతే నీ కోసమైనా ఆగు.

కాగితం తిప్పి పంపుతున్నాను.

రాజగోపాల్

———

మదనపల్లె,
21 సెప్టెంబరు 1986

రాజగోపాల్‌కు,

మొన్న శుక్రవారం నువ్వు మా ప్రయోగశాల గుమ్మం దాకా వచ్చావు. మునెప్ప లోపలికి వచ్చి, "అమ్మా, కుప్పం సారు వచ్చి ఆడ నిలబడుకోనుండాడు" అని చెప్పాడు. నేను బయటికి రాలేదు. క్లాసు ఉందని వాడితో చెప్పించిన మాట అబద్ధం కాదు, కాని క్లాసు అయ్యాక కూడా రాలేదు. నువ్వు ఐదింటి దాకా ఉన్నావట. ఎదురుపడితే ఏడుస్తానేమో, ఏడిస్తే నువ్వు ఓదారుస్తావేమో అని రాలేదు. నీ చేత ఓదార్పు పొందే స్థితి నాకు వద్దు. చెప్పాల్సింది రాస్తాను.

ఇంటర్వ్యూ ఫిబ్రవరిలో అయింది. అప్పటికి మా ఆరు పేజీలూ టపాలో పడ్డాయి, ఇంకా అచ్చు కాలేదు. నలుగురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన 1980 పేపరు చేతిలో పట్టుకుని, మర్యాదగా, "ఇది మీదేనా అమ్మా?" అని అడిగారు. తలూపితే చాలు.

"పేరు నాదే సార్. కాని ఆ పేపరు తప్పు. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇది తీసేస్తే మీ దగ్గర ఇంకేమీ లేదు గదమ్మా" అన్నారు.

"అవును సార్" అన్నాను.

పోస్టు వేరే ఊరి అబ్బాయికి వచ్చింది. మంచివాడే. పోయిన వారం అతనికి బెల్‌జారు ఎట్లా తీయాలో నేర్పించాను. నాకు రిటైర్మెంటుకు ఇంకా తొమ్మిదేళ్ళుంది. డిమాన్‌స్ట్రేటర్‌గానే దిగిపోతాను. నువ్వు అన్నట్టు పోయేదేమీ లేదు అనుకోకు. ఉండింది. ఆ కుర్చీలో కూర్చోవాలని నాకు ఎంత ఆశ ఉండిందో ఆ రోజు బయటికి వచ్చి మెట్లు దిగేటప్పుడు తెలిసింది. కింద కాచుకుని ఉన్న కృష్ణమ్మ నా చేయి పట్టుకుంది.

మా పేపరు జూన్‌లో అచ్చయింది. కృష్ణమ్మ థీసిస్‌కు గైడుగారు ఒప్పుకున్నారు. "ఆ రోజు నీ చేతిని అన్నాను, తప్పు నాదమ్మా" అని ఆమెతో అన్నారట. జూలైలో నువ్వు ఆయన దగ్గరికి వెళ్ళి, తేదీలు రమణమ్మ తప్పు రాయలేదు, నేనే దాచాను అని ఒప్పుకున్నావని కూడా కృష్ణమ్మ చెప్పింది. ప్రిన్సిపాల్ పదవి నీకు రాలేదని, ఉన్న ఉద్యోగానికి మాత్రం ఇబ్బంది లేదని విన్నాను. ఉద్యోగం నిలిచినందుకు సంతోషం. పిల్లలున్నవాడివి.

కాని రాజగోపాల్, నువ్వు ఒప్పుకున్నది అచ్చయిన తర్వాత. దాచడానికి చోటు లేకపోయాక బయటపెట్టిన నిజానికి నేను ఏం విలువ కట్టాలి? గ్రాఫు దిద్దడానికి ఒక పేరా చాలింది. గడువుకు భయపడి ఒక వాక్యం రాశావు, దాన్ని నేను ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతాను. భయం ఎవరికి లేదు? నేను మరిచిపోలేనిది ఆ తర్వాత నాలుగేళ్ళు. కాపీ కోసం నేను ఎదురుచూస్తుంటే, నా పేరు అచ్చులో చూసుకోవాలని ఆశపడుతుంటే, నేను చదివితే దొరికిపోతానని కాపీ పంపకుండా కూర్చున్నావు. దొరికాక, నాది చిన్న ఉద్యోగం గనుక నా మీదికి నెట్టేయవచ్చనుకున్నావు. నీకు లెక్కలు చెప్పిన రోజుల్లో నా స్థాయి ఏమిటో నీకెప్పుడూ గుర్తు రాలేదు. నేను పనికిరానని తేల్చడానికి మాత్రం గుర్తొచ్చింది.

నిన్న పుంగనూరు వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో మీ అమ్మ మంగమ్మ కనబడింది. నేను అప్పటికే బస్సెక్కాను. కిటికీ కిందికి వచ్చి నిలబడి, నా చేతిలో రెండు సీతాఫలాలు పెట్టింది.

"ఏమ్మా రమణమ్మా, మా వోడు నీకు జాబులు రాస్తాండాడా? నాకైతే ఒక ముక్క రాసేది లేదు. వచ్చినా మొగం ఏలాడేసుకోని కూసుంటాడు. నువ్వంటే వానికి పేణం. ఏమన్నా ఉంటే నీకే చెప్తాడు" అంది.

డ్రైవరు బండి తీశాడు. ఆమె కిటికీ ఊచ పట్టుకుని బస్సుతోపాటే నాలుగడుగులు నడిచింది, నా నోటి వైపే చూస్తూ.

"రాస్తాండాడమ్మా. బాగుండాడు. నువ్వేం దిగులు పడొద్దు" అన్నాను.

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన ఒక్క తేదీ గానీ, ఒక్క అంకె గానీ అబద్ధం కాదు. నిన్న ఆడింది అబద్ధం. ఆమె ఊచ వదిలేసి, నవ్వుతూ అక్కడే నిలబడిపోయింది.

అది నీ కోసం ఆడలేదు. వచ్చే ఆదివారం వెళ్ళి మీ అమ్మను చూసిరా.

రమణమ్మ